కాటుక చుక్క పెట్టిన గుడ్లు

మా మేడమీద వాటాలో అద్దెకుంటున్న కిరణ్ తోరణగల్లు వైపు ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మంచి పిల్లవాడు. చెప్పులు చప్పుడు కాకుండా మెట్లెక్కుతాడు, కబురు పెడితే నా మందులు తెచ్చిపెడతాడు. మొన్నొక సాయంత్రం తలుపు తట్టి, "అజ్జీ, మా రూములో పిల్లలు పుట్టినాయి, చూద్దురు రాండి" అన్నాడు. పెళ్ళి కూడా కానివాడి గదిలో పిల్లలేమిట్రా భగవంతుడా అనుకుంటూ మోకాళ్ళు పట్టుకుని పైకి వెళ్ళాను. గోడ పొడుగునా అద్దాల పెట్టెలు, ఒక్కో పెట్టెకు ఒక్కో దీపం, లోపల వేడి ఎంతుందో చూపించే యంత్రం. వాటిలో ఏ దేశానివో బల్లులు, పసుపుపచ్చ ఒంటిమీద నల్ల చుక్కలు, లావుపాటి తోకలు. పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బాలో తడిమట్టి లాంటిదేదో పోసి, అందులో గుడ్లను సగం దాకా పూడ్చి పెట్టాడు. ప్రతి గుడ్డు నెత్తిమీదా పెన్నుతో ఒక చుక్క. "పెట్టినప్పుడు యా పక్క పైనుంటే ఆ పక్కే పైనుండాల అజ్జీ. తిరగబడితే లోపల పిల్ల సచ్చిపోతాది. అందుకే ఈ గుర్తు" అని నాకు పాఠం చెప్పాడు. నాకే చెప్తున్నాడు! పాపం, వాడికేం తెలుసు. 

అంతవరకూ బాగానే ఉంది. తరవాత వాడు ఒక పెద్ద బల్లి ముందు వేలు ఆడించాడు. అది గభాలున వేలు పట్టుకుంది. రెండో చేత్తో ఫోను ఎత్తి ఆ వేలిని తనే వీడియో తీసుకుంటూ నవ్వాడు. "ఏం కాదు అజ్జీ! సూడండి, ఏం కాదు! మీరూ పట్టుకోండి" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. ముసలావిడ బల్లిని చూసి జడుసుకుందని నవ్వుకునే ఉంటాడు. నవ్వుకోనీ. నేను జడుసుకున్నది ఆ మాటకి. అది మా నాయన మాట. అరవై ఏళ్ళకు పైగా అయింది నేను దాన్ని అదే రకంగా, అదే నవ్వుతో విని.

మేమప్పుడు బళ్ళారిలో, బ్రూస్‌పేటలో ఒక వఠారంలో ఉండేవాళ్ళం. రెండు వరసల మిద్దె ఇళ్ళు, మధ్యలో నాపరాళ్ళు పరిచిన వాకిలి, వాకిలి చివర అందరికీ కలిపి ఒకే కొళాయి. తెల్లవారుతూనే ఎదురింట్లో జొన్నరొట్టెలు తట్టే చప్పుడుతో మెలకువ వచ్చేది. పత్తి మిల్లు నుంచి గాలి తిరిగితే పత్తిగింజల వాసన, తిరక్కపోతే వీధి మొదట బట్టీలో వేరుశనక్కాయలు వేయించే వాసన. ఎండాకాలం గుట్టలు పగలంతా ఎండ తాగి పొద్దుపోయాక ఆ వేడంతా ఊరిమీదికి వదిలేవి. అమ్మ నీళ్ళ బానలకు తడిగోనె చుట్టి, వాటి చుట్టూ ఇసుక పోసి తడిపేది. ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే. చెప్పవలసిన కథ చాలావరకు ఆ బానల చాటున జరిగింది కాబట్టి ఆ చోటు గురించి ముందే చెప్తున్నాను.

నాయన కంటోన్మెంట్‌లో ఒక బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పేవాడు. జిల్లా మైసూరులో కలిసిన కొత్త అది. తెలుగు పిల్లలు పల్చబడ్డారు. నాయన నలభై ఏళ్ళ వయసులో కన్నడ అక్షరాలు దిద్దుకుని, రాత్రి తను చదువుకున్న పాఠమే పొద్దున పిల్లలకు చెప్పేవాడు. దానికి సిగ్గుపడేవాడు కాదు. మడతలు నలగని పంచె, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, చేతిలో గొడుగు. ఆయనకు ఒక దురలవాటు ఉండేది. ఎవరేం చెప్పినా, "నువ్వు కళ్ళతో చూసినావా?" అని అడిగేవాడు. చింతచెట్టు మీద దయ్యం ఉందంటే "చూసినావా?". కాకి అరిస్తే చుట్టాలొస్తారంటే "ఎవరొచ్చిరి, చూసినావా?". మా అమ్మ ఒకసారి ఒళ్ళుమండి, "మీకు పెండ్లికి ముందు నేను మంచిదాన్నని మీ అమ్మ చెప్పినప్పుడు, ఆమెను కూడా ఇట్లే అడిగింటే బాగుండు, నేను బతికిపోదును" అంది. నాయన పడీపడీ నవ్వాడు.

నేలబల్లి మా ఇంటికి నాయన టిఫిన్ గిన్నెలో వచ్చింది. గోడమీది బల్లిని మా వైపు ఎవరూ ఏమీ అనరు. మాట చివర అది టిక్కుమంటే "కృష్ణ కృష్ణ" అని వేళ్ళతో నేలను తట్టి, ఆ మాట నిజమైందనుకుంటారు. గుట్టరాళ్ళ కింద ఉండే నేలబల్లి సంగతి వేరు. దానికి గోడ ఎక్కడం రాదు, వేళ్ళకు పట్టు ఉండదు. ముదురు గోధుమరంగు ఒంటిమీద పసుపుపచ్చ చారలు, పెద్ద పెద్ద కళ్ళు. అది కరిస్తే మనిషి నీళ్ళు కూడా అడగడని బళ్ళారి అంతా నమ్మకం. కనబడితే చెప్పుతోనో చీపురుతోనో కొట్టి చంపి, చంపిన చోట పేడనీళ్ళు చల్లేవాళ్ళు. బడిలో జవాను అలా ఒకదాన్ని కొట్టి చంపితే నాయన దాని పొట్ట కోసి చూశాడట. లోపల రెండు గుడ్లు. ఆ సాయంత్రం గుట్టకు పోయి, రాయి ఎత్తి, మరొకదాన్ని పట్టి మూత పెట్టుకుని వచ్చాడు. మూత తీసిన అమ్మ పెట్టిన కేకకు వఠారమంతా వచ్చి వాకిట్లో నిలబడింది. "అన్నం తినే గిన్నెలోనా! అన్నం తినే గిన్నెలోనాప్పా!" అని అమ్మ అరవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ గిన్నె మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు.

నాయన కోరిక చిన్నది. గుడ్డు పెట్టడం దగ్గర్నుంచి పిల్ల బయటికి రావడం దాకా పిల్లలకు చూపించాలి. చూపించి, చేత్తో పట్టుకోనిచ్చి, దీనికి విషం లేదని వాళ్ళ నోటితోనే చెప్పించాలి. "పాముకేమో పాలు పోస్తారు, దీనికి చెప్పు చూపిస్తారు. ఇదేం న్యాయమే?" అని అమ్మను అడిగేవాడు.  కిరసనాయిలు డబ్బాల పక్కలు కోసి జాలీ బిగించాడు. అడుగున గుట్టమట్టి, పైన కుండపెంకులు. మొదట్లో తెలియక రెండు మగవాటిని ఒకే డబ్బాలో వేస్తే, ఒకటి రెండోదాని తోక ఊడగొట్టింది. ఊడిన తోక డబ్బాలో ఎగిరెగిరి పడుతుంటే అమ్మ పూజగదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఆ తరవాత ఒక డబ్బాకు ఒక్క మగది, రెండు ఆడవి. తిండికి చెదపురుగులు, కీచురాళ్ళు, బొద్దింక పిల్లలు. గుడ్డు పెంకు గట్టిపడాలంటే తల్లికి సున్నం కావాలని, కోడిగుడ్డు పెంకులు మెత్తగా నూరి ఒక మూల పోసేవాడు. మాది కోడిగుడ్డు ముట్టని ఇల్లు. ఆ పెంకులు ఎదురింటి గంగక్క ఇచ్చేది.

అన్నిటికన్నా కష్టం గుడ్లతో వచ్చింది. పెట్టిన కాసేపు మెత్తగా ఉండి, గాలి తగిలి గట్టిపడే తెల్లటి గుడ్లు, చింతగింజంత. ఒక్కో కాన్పుకు రెండు. మొదటివి డబ్బాలోనే వదిలేస్తే బళ్ళారి ఎండకు సొట్టలుపడి ఎండిపోయాయి. తరవాతివి తడి ఎక్కువై బూజుపట్టాయి. ఒకసారి ఇంటికొచ్చిన మా మేనత్త, కోడిపెట్ట తన గుడ్లను తిప్పుకుంటుంది గదా అని మంచి మనసుతో రోజూ వాటిని తిప్పిపెట్టింది. ఒక్కటీ పిల్ల కాలేదు. నాయన వాటిని పగలగొట్టి చూసి, తిరగబడితే లోపలి పిల్లకు ఊపిరాడదని అర్థం చేసుకున్నాడు. ఆఖరికి బానల చాటున, తడిగోనె పక్కన, మూకుట్లో ఇసుక పోసి, గుడ్లను కదలకుండా దింపి, అమ్మ కాటుక భరిణెలోంచి పుల్లతో తీసి ప్రతి గుడ్డు నెత్తినా ఒక చుక్క పెట్టాడు. చుక్క పైకి ఉన్నంతసేపు గుడ్డు తిరగలేదని లెక్క. అది చూడటానికి వచ్చిన గంగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అయ్యో నా తండ్రీ, దిష్టి సుక్క పెట్టినారే సారూ! ఇంక యా కన్నూ తగలదు లేప్పా!" అంది. అమ్మ కూడా నవ్వింది. బల్లుల విషయంలో మా అమ్మ నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆ మూకుటి గుడ్లే మొట్టమొదట పిల్లలయ్యాయి.

గంగక్క గురించి చెప్పాలి. ఆమె మొగుడు వీరప్ప పత్తి మిల్లులో మూటలెత్తేవాడు. కూతురు సుశీల నా ఈడుది, నా జడ అది వేసేది, దాని జడ నేను వేసేదాన్ని. గంగక్క పొడుగు మనిషి, పెద్ద గొంతు, మూడు మాటలకొక కన్నడ మాట. కొళాయి దగ్గర తగువొస్తే ఆమె లేచి నిలబడితే చాలు, బిందెలు వాటంతటవే వరసలోకి వచ్చేవి. నాగులపంచమికి ముందు ఒక సాయంత్రం నాయన వఠారంలో అందర్నీ వాకిట్లో కూర్చోబెట్టి, బెత్తెడు ఆడబల్లిని తెచ్చి, అందరి ముందూ తన చిటికెన వేలు దాని నోటికి అందించాడు. అది పట్టుకుంది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. నాయన నవ్వుతూ వేలు చూపించాడు, నెత్తురు చుక్క కూడా లేదు. "ఏం కాదు. చూస్తాండారు గదా, ఏం కాదు. ఎవరన్నా పట్టుకుంటారా?" అన్నాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు గంగక్క లేచి, చీర దోపుకుని, "ఇటియ్యండి సారూ. సావు రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూచున్నా వస్తాది" అని చెయ్యి చాచింది. బల్లి ఆమె బొటనవేలు కరిచింది. ఆమె ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నిలబడి, తెరిచి, గట్టిగా నవ్వేసింది. "థూ దీని, చీమ నయం గదప్పా! సుమ్నె హెదరిచ్చి పెట్టినారు ఇన్నేండ్లు!" అంది. ఊరికే బెదరగొట్టారని ఆమెకు కోపం కూడా వచ్చింది.

ఆ రోజు మా నాయన మొహం చూడవలసింది. ఎన్నేళ్ళు పాఠాలు చెప్పినా రాని వెలుగు అది. చదువురాని ఒక మనిషి భయాన్ని కళ్ళముందే పోగొట్టాడు. ఆ తరవాత ఆయనకన్నా గంగక్కే ఎక్కువ ప్రచారం చేసింది. మిల్లులో, సంతలో, కొళాయి దగ్గర, "నన్ను కరిసింది, నేను సచ్చిన్నా? ఈడ నిలబడుకోనుండా గదా!" అని వేలు చూపించేది. ఎవరో ఆమెను బల్లిగంగ అని ఎకసెక్కం చేస్తే, "అవును, బల్లిగంగనే. నీ మాదిరి పిరికిగంగను కాను" అని బదులు చెప్పింది. వానలు ముదురుతుండగా ఒక జత కావాలని అడిగింది. నాయన ఒక డబ్బా తయారుచేసి, మా దగ్గర పుట్టిన మగదాన్ని, గుట్టనుంచి తెచ్చిన ఆడదాన్ని ఇచ్చాడు. నాకు ఇవ్వనిది ఆమెకిచ్చాడని నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆమె ఇంట్లోనూ ఆడబల్లి గుడ్లు పెట్టింది. ఆమె మూకుడు, ఆమె ఇసుక, ఆమె కాటుక. చుక్కలు మాత్రం నాయన పెట్టినవాటికన్నా పెద్దవి. బోడిగుడ్లకు బొట్టు పెట్టినట్టుందని అమ్మ ఎగతాళి చేసింది.

ఒక వానరోజు జాలీ సరిగ్గా మూయక ఆమె డబ్బాలోంచి మగబల్లి తప్పించుకుంది. గదంతా వెతికారు. జొన్నల గంప జరిపారు, పరుపుచుట్ట దులిపారు. దొరకలేదు. వీరప్పకు మనసులో ఇంకా భయం పోలేదు. మా గుమ్మం ముందు నిలబడి, "నేలమీదనే పండుకుంటాం సారూ, పిల్ల కూడా ఉండాది. ఎట్లప్పా?" అని అడిగాడు. నాయన అన్నం తింటున్నాడు. చెయ్యి కడుక్కోకుండానే గుమ్మం దాకా వచ్చి, "ఏం కాదప్పా వీరప్పా. యాడో ఒక మూల ఉంటాది. చీకట్లో ఎప్పుడన్నా తగిలినా భయపడొద్దండి. చంపొద్దండి. ఏం కాదు" అన్నాడు. వెనక నుంచి గంగక్క మొగుణ్ణి కేకలేసింది. "సారు చెప్పినాడు గదా, ఇంకేంది నీ సోది!" అంది. నేను అక్కడే ఉన్నాను. ఆ మాటలన్నీ నా చెవులతో విన్నాను. తరవాత ఎవరెవరో ఆ మాటలకు ఏమేమో తగిలించారు గాని, ఆయన అన్నది అంతే. అందులో ఒక్క తప్పు లేదు. అదే నా కడుపుమంట.

ఆ తరవాత కొన్నాళ్ళకు ఒక పొద్దున ఎదురింట్లో రొట్టెలు తట్టే చప్పుడు వినబడలేదు. అమ్మే ముందు గమనించింది. పోయి చూసి, పరుగున వచ్చి నాయనను లేపింది. గంగక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తెల్లవారుజామున ఏదో వేలు పట్టుకుంటే విదిలించి కొట్టి పడుకుందట. కడుపులో నొప్పిగా ఉందని రెండుసార్లు లేచిందట. ఆస్పత్రికి పోదామని వీరప్ప అంటే తిట్టిందట, బల్లి కరిచిందని ఆస్పత్రికి పోతే సారు పరువేం కావాలని. నాయన ఆమె ముందు కూర్చున్నాడు. ఆమె కనురెప్పలు వాలిపోతున్నాయి. "నిద్ర సాల్లేదు సారూ, కండ్లు తెరవనీకి అవుతలేదు" అని నవ్వబోయింది. మాట ముద్దగా వచ్చింది. నాయన మొహం పాలిపోయింది. "ఏం కరిచింది గంగా? ఏం కరిచింది?" అని ఆమె భుజాలు పట్టుకుని ఊపాడు. అప్పుడు ఆమె, బడిపిల్ల అప్పజెప్పినట్టు, "నేను కళ్ళతో సూసినా సారూ. సారలుండాయి. మన బల్లే" అంది.

జట్కా వచ్చింది. నలుగురు మోసుకొచ్చి పడుకోబెట్టారు. నాయన ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. పరాయి ఆడదాని తల మా నాయన ఒళ్ళో ఉండటం బ్రూస్‌పేట అంతా చూసింది, ఎవరూ ఏమీ అనలేదు. చక్రం దగ్గర నిలబడి నేను సుశీల చెయ్యి పట్టుకున్నాను. గంగక్క కళ్ళు తెరవలేక, మొహం మాత్రం ఆయన వైపు తిప్పి, "ఏం కాదు గదా సారూ?" అంది. ఆ గొంతులో అంతకుముందు ఎప్పుడూ లేని భయం. నాయన వంగి, ఆమె నుదుటిమీద చెయ్యివేసి, "ఏం కాదమ్మా. ఏం కాదు" అన్నాడు. రెప్పలు వాలాయంటే అది పాముకాటని ఆయనకు అప్పటికే తెలుసు. ఆస్పత్రి గేటు కనబడుతుండగానే ఆమె ఊపిరి ఆగిపోయింది.

జొన్నల గంప వెనక, గోడ పగుల్లో, మధ్యాహ్నం వీరప్ప తమ్ముళ్ళు కట్లపామును పట్టుకున్నారు. జానెడు పిల్లపాము. నల్లటి ఒంటిమీద తెల్లటి చారలు. దీపం కూడా లేని మసకచీకట్లో, నిద్రమత్తులో, చారలు తప్ప ఎవరికేం కనబడుతుంది? వాళ్ళు దాన్ని కొట్టి, వాకిట్లో కట్టెమీద వేలాడదీశారు. సుశీల చూసింది, నేను చూశాను, వఠారమంతా చూసింది. అయినా సాయంత్రానికి కథ మారిపోయింది. బల్లి సారు సాకిన బల్లి కరిచి ఎదురింటామె పోయిందట. నమ్మినందుకు ప్రాణం తీశాడట. మరి పామో అంటే, చచ్చిన పామును ఎవరైనా తెచ్చి పెట్టొచ్చు గదా అన్నవాళ్ళూ ఉన్నారు. "నువ్వు కళ్ళతో చూసినావా?" అని అడగడానికి మా నాయనకు నోరు పెగల్లేదు. ఊళ్ళో మనుషులమీద నాకు అప్పుడు పుట్టిన ఏవగింపు ఇప్పటికీ పూర్తిగా చావలేదు. అంతకుముందు వారం ఆమె వేలు పట్టుకుని చూసి నవ్వినవాళ్ళే వాళ్ళంతా.

అమ్మ ఆయనను ఓదార్చబోయింది. "పాము కరిచింది గదండీ. బల్లి కాదు గదా. మీరు చెప్పింది తప్పు కాదు గదా" అంది. నాయన గోడకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. "బల్లి కరిచి పోయింటే నాకు నయంగా ఉండునే" అన్నాడు. "నాకు తెలిసింది తప్పు అనుకొని ఏడ్చి ఊరుకుందును. నేను చెప్పింది కరెక్టే. దాన్ని నమ్మి పోయింది ఆ తల్లి." అమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. డబ్బాలన్నీ నాయన ఒక్కడే గుట్టకు మోసుకుపోయి, బల్లుల్ని రాళ్ళలో వదిలేసి, ఖాళీ డబ్బాలను అక్కడే తొక్కి పారేసి వచ్చాడు.

దినాలు అయిన మరునాడు వీరప్ప మా గుమ్మం ముందుకొచ్చాడు. చేతిలో గంగక్క మూకుడు. ఇసుకలో రెండు గుడ్లు, వాటి నెత్తిన ఆమె పెట్టిన పెద్ద పెద్ద కాటుక చుక్కలు. "ఇది మీదే సారూ" అని గడపమీద పెట్టి, తల ఎత్తకుండా పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాయన దానివైపు చూడలేకపోయాడు. నేను తీయబోతే, మా అమ్మ, బల్లి తోక చూసి పూజగదిలో తలుపు వేసుకున్న మా అమ్మ, నన్ను పక్కకు జరిపి, రెండు చేతులతో కదలకుండా ఎత్తి, బానల చాటున దింపింది. ఇంటాయన ఖాళీ చేయమన్నాడు. కంటోన్మెంట్ వైపు వేరే ఇల్లు చూసుకుని సామాను బండిమీద వేస్తే, అమ్మ ఆ మూకుడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా గుంతలే. బండి కుదిపినప్పుడల్లా చుక్క పైకే ఉందా అని వంగి చూసుకునేది.

కొత్త ఇంట్లో ఒక పొద్దున తడిగుడ్డ ఎత్తితే రెండు పెంకులూ చీలి ఉన్నాయి. పక్కనే ఇసుకలో రెండు పిల్లలు, పసుపు చారలు మెరుస్తూ. అమ్మ చాలాసేపు చూసింది. "గంగ ఉండింటే ఈ పాటికి ఊరంతా చెప్పొచ్చుండు" అంది, కొంగుతో మొహం తుడుచుకుంది. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని కోటగుట్ట దాకా నడిచి, రాతి సందులో మూకుడు వంచింది. ఆ రాత్రి అన్నాల దగ్గర, ఎవరితోనో అన్నట్టు, "రెండూ వచ్చినాయి" అంది. నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. విస్తరి ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

తరవాత ఆయన చాలా ఏళ్ళు పాఠం చెప్పాడు. ఊళ్ళో వాళ్ళకు కనబడిన మార్పు ఒకటే. ఏది కరిచినా, తేలైనా, కందిరీగైనా, గండుచీమైనా, "ఆస్పత్రికి పోండి. నాకు తెలీదు, ఆస్పత్రికి పోండి" అనేవాడు. పిల్లలు కావాలని చీమ కరిచిందని చెయ్యి చాపి ఆటపట్టించేవాళ్ళు. మాకు కనబడిన మార్పు ఇంకొకటి. "చూసినావా?" అని ఎవరినీ అడగడం మానేశాడు. దయ్యం ఉందంటే తల ఊపేవాడు. కాకి అరిస్తే చుట్టాలొస్తారంటే సరే అనేవాడు. అమ్మకు తనతో పోట్లాడేవాడు లేకుండా పోయాడు.

సుశీలను వాళ్ళ మామ సిరుగుప్ప వైపు తీసుకుపోయాడు. మళ్ళీ నేను దాన్ని చూసింది తలలు నెరిశాక, ఒక పెళ్ళిలో. పట్టుకుని ఏడ్చాం. అది తన మనవరాలిని పిలిచి, "ఈయమ్మ వాళ్ళ నాయన సారు. ఆయప్ప సాకిన బల్లి కరిచే మా అమ్మ పోయింది" అని పరిచయం చేసింది. కోపంగా కూడా కాదు, మామూలుగా చెప్పింది. "కట్లపామే సుశీలా, కట్టెమీద వేలాడదీసినారు గదే, మనిద్దరం చూసినాం గదా" అన్నాను. అది నా మొహంలోకి జాలిగా చూసి, "ఏం పామక్కా?" అంది.  ఆ పెళ్ళిభోజనం నాకు సయించలేదు.

ఇప్పుడు కిరణ్‌కు దీపాలున్నాయి, యంత్రాలున్నాయి, గుడ్డు ఎప్పుడు పగులుతుందో ముందే చెప్పే ఫోనుంది. మా నాయన బానల చాటున తడిగోనెతో కుస్తీపట్టి నేర్చుకున్నది వాడు కూర్చున్నచోట చూసి నేర్చుకున్నాడు. వాడి వేలు బల్లి కరిస్తే ఎక్కడెక్కడి వాళ్ళో చూసి మెచ్చుకుంటారు. వాడిమీద నాకు అసూయ లేదంటే అబద్ధం. మర్నాడు వాడు మందులు తెచ్చిచ్చినప్పుడు, "నాయనా, నీ బల్లులు మంచివే. చీకట్లో నిన్ను ఏది కరిచినా, నీ బల్లే అనుకున్నా సరే, ముందు ఆస్పత్రికి పో" అన్నాను. వాడు నవ్వి, "ఏం కాదులే అజ్జీ" అని మెట్లెక్కి పోయాడు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నా మొదటి కాన్పు బళ్ళారిలోనే. అప్పటికి అమ్మ పోయింది. ఆస్పత్రిలో నా దగ్గర ఉన్నది నాయన ఒక్కడే. నొప్పులు మొదలై పూట గడిచాక, బిడ్డ అడ్డం తిరిగిందని, ఆపరేషను చెయ్యాలని డాక్టరమ్మ అంది. మంచం తోసుకుపోతుంటే నాకు పైప్రాణాలు పైనే పోయాయి. నాయన చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏం కాదు గదా నాయనా?" అన్నాను. ఎవరి మాట నా నోట్లోకి వచ్చిందో ఆ క్షణాన నాకు తోచలేదు. ఆయనకు తోచింది. పెదవులు కదిలాయి.  నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, "డాక్టరమ్మను అడుగు తల్లీ" అని గోడవైపు తిరిగాడు. నేను బతికాను, బిడ్డా బతికింది. ఆయన పోయేదాకా నేను ఆ కోపం పెట్టుకునే ఉన్నాను, ఇప్పుడూ ఉంది. అబద్ధమైతేనేం, కన్నకూతురికి ఆ రెండు మాటలు చెప్పలేకపోయాడు. గంగక్కకు చెప్పాడు గదా.